జర్మనీకి చదువుకోవడానికి ఒంటరిగా వెళ్తున్నారా? ముందు చిరునామా, ఆ తర్వాతే మిగతావన్నీ

ఇది చదివే మిగతావారికి కూడా అర్థమయ్యేలా మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెబుతాను. మీది నల్గొండ జిల్లా. మాగ్డెబుర్గ్‌లో ఎమ్మెస్ సీటు వచ్చింది, వీసా కూడా చేతికొచ్చింది, టికెట్ ఇంకా కొనలేదు. మీ ఇంట్లో విమానం ఎక్కబోయే మొదటి మనిషి మీరే. అక్కడ తెలిసినవారు ఒక్కరూ లేరు. మొదటి నెల ఎలా గడుస్తుంది, అన్నిటికంటే ముందు దేన్ని చూసుకోవాలి, ఒంటరి అమ్మాయిగా భయపడవలసింది ఏమైనా ఉందా అని అడిగారు.

నేను జర్మనీలోనే చదువుకున్నాను, ఇప్పుడు ఇక్కడే ఉద్యోగం. ప్రతి సెమిస్టర్ మొదట్లో కొత్తగా వచ్చే మన విద్యార్థులను స్టేషన్లో కలుసుకోవడం, కార్యాలయాలకు తోడు వెళ్ళడం ఏళ్ళ తరబడి చేస్తున్నాను. ఆ అనుభవంతో సూటిగా చెబుతాను.

అన్నిటికంటే ముందు చూసుకోవలసింది చిరునామా. రాత్రికి పడుకోవడానికి చోటు దొరికితే చాలదు. అక్కడ మీరు నివసిస్తున్నారని ఇంటి యజమాని సంతకం చేసి ఇచ్చే చోటు కావాలి. భాష, చలి, కొత్త ఊరు అని మీరు రాసిన భయాలు రెండు మూడు వారాల్లో చాలావరకు తగ్గిపోతాయి. సరైన చిరునామా లేని ఇబ్బంది మాత్రం నెలల తరబడి వదలదు. అందుకే టికెట్ కొనేముందు గది సంగతి తేల్చుకోండి.

ఎందుకో చెబుతాను. జర్మనీ చట్టం ప్రకారం కొత్త ఇంట్లో చేరిన రెండు వారాల్లోపు నగర కార్యాలయానికి వెళ్ళి, ఫలానా ఇంట్లో ఉంటున్నానని నమోదు చేయించుకోవాలి. దీన్నే ఆన్‌మెల్డుంగ్ అంటారు. దానికి పాస్‌పోర్టుతో పాటు ఇంటి యజమాని ఇచ్చే ధ్రువపత్రం తప్పనిసరి. అద్దె ఒప్పందం చూపిస్తే సరిపోదు, ఆ పత్రం వేరే ఉంటుంది. నమోదు అయ్యాక ఒక కాగితం ఇస్తారు. తర్వాతి పనులన్నీ ఆ కాగితం మీదే నడుస్తాయి. నివాస అనుమతికి దరఖాస్తు చేయాలంటే అది కావాలి. చాలా బ్యాంకులు ఖాతా తెరవడానికి అదే అడుగుతాయి. పన్ను గుర్తింపు సంఖ్య కూడా నమోదు అయ్యాకే, కొన్ని వారాల తర్వాత, ఆ చిరునామాకే పోస్టులో వస్తుంది. ఆ సంఖ్య లేకుండా పనిలో చేరితే జీతంలో పన్ను ఎక్కువగా కోసేస్తారు.

డబ్బు విషయమూ ఇక్కడే ముడిపడి ఉంది. వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాదికి 11,904 యూరోలు వేశారు కదా. అది నెలకు 992 యూరోల చొప్పున మీకు వస్తుంది. కానీ మీరు దిగగానే రాదు. జర్మనీలో మీ పేరున మామూలు ఖాతా తెరవాలి, ఆ వివరాలు బ్లాక్డ్ అకౌంట్ సంస్థకు పంపాలి, వాళ్ళు సరిచూసుకోవాలి. కొన్ని ఆన్‌లైన్ బ్యాంకులు నమోదు కాగితం లేకుండానే ఖాతా తెరుస్తాయి కానీ, భారత పాస్‌పోర్టును వీడియోలో సరిచూసే దశలో ఆగిపోయినవారిని చాలామందిని చూశాను. కాబట్టి మొదటి విడత రావడానికి నెల పట్టవచ్చని లెక్క వేసుకోండి. ఆలోగా గది అద్దె, అడ్వాన్సు, ఆరోగ్య బీమా, వంటసామాను, దుప్పటి అన్నీ కొనాలి. ఫారెక్స్ కార్డులో కొంత, నగదుగా కొంత, మొత్తం 1,500 యూరోల దాకా మీ దగ్గర ఉంచుకుని బయలుదేరండి. ఇంటి అడ్వాన్సు చట్టప్రకారం మూడు నెలల మూల అద్దెను మించకూడదు. మూల అద్దె అంటే నీళ్ళు, వేడి, చెత్త ఖర్చులు కలపనిది. ఎవరైనా అంతకంటే ఎక్కువ అడిగితే అనుమానించాలి.

గది ఎక్కడ వెతకాలి? మొదట విద్యార్థి సేవాసంస్థ నడిపే హాస్టళ్ళలో. ప్రతి విశ్వవిద్యాలయ పట్టణంలోనూ అలాంటి సంస్థ ఉంటుంది, దాన్ని ష్టుడెంటెన్‌వెర్క్ అంటారు. ప్రవేశపత్రం వచ్చిన రోజే దరఖాస్తు చేసి ఉండాలి. మీరు ఇంకా చేయకపోతే ఈ జవాబు చదవడం ఇక్కడే ఆపి చేసి రండి. మాగ్డెబుర్గ్‌లో మ్యూనిక్, బెర్లిన్‌లంత గదుల కరువు లేదు, అది మీకు కలిసివచ్చే విషయం. అక్కడ దొరక్కపోతే మరొకరి ఇంట్లో గది పంచుకోవచ్చు. అప్పుడు యజమాని నమోదుకు ఒప్పుకుంటారా లేదా అని ముందే రాతపూర్వకంగా అడగండి. "తర్వాత చూద్దాం" అనే జవాబు వస్తే లేదు అన్నట్టే లెక్క. కొద్దిరోజుల కోసం ఆన్‌లైన్లో అద్దెకు ఇచ్చే గదుల్లో చాలావాటికి ఈ ధ్రువపత్రం ఇవ్వరు.

గది చూడకుండా, ఒప్పందం లేకుండా డబ్బు పంపకండి. మోసం దాదాపు ఎప్పుడూ ఒకే పద్ధతిలో జరుగుతుంది. ఫొటోల్లో ఇల్లు అద్దంలా మెరుస్తుంటుంది, అద్దె మాత్రం ఆ ఊరి ధరకంటే బాగా తక్కువ. యజమాని వేరే దేశంలో ఉన్నానంటాడు, అడ్వాన్సు పంపితే తాళంచెవి పోస్టులో వస్తుందంటాడు, నమ్మకం కోసం తన పాస్‌పోర్టు ఫొటో కూడా పంపుతాడు. ఆ పాస్‌పోర్టు కూడా ఇంకెవరి దగ్గరో కొట్టేసినదే. గుంటూరు వైపు నుంచి వచ్చిన ఒక అబ్బాయి అలా రెండు నెలల అద్దె పంపి, ఇక్కడికొచ్చి ఆ వీధిలో ఆ నంబరు ఇల్లే లేదని తెలుసుకున్నాడు. తండ్రి అప్పు చేసి పంపిన డబ్బు అది. మూడు వారాలు మా స్నేహితుల ఇళ్ళలో మార్చి మార్చి ఉన్నాడు. హాస్టల్ కాని చోటికి డబ్బు పంపక తప్పకపోతే, ముందు ఆ ఊళ్ళో ఉన్న ఎవరైనా వెళ్ళి చూసిరావాలి. మీ విభాగం సీనియర్ల సమూహంలో అడిగితే వెళ్ళేవారు దొరుకుతారు. సంకోచించకండి, మేమంతా ఆ పని చేసినవాళ్ళమే.

ఇంకో ఉచ్చు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇందులో మనవాళ్ళూ ఉన్నారు. గది ఇవ్వకుండా నమోదు కోసం చిరునామా మాత్రమే అమ్మేవారు ఉంటారు. ఇది చట్టవిరుద్ధం. అలా చిరునామా ఇచ్చినవారికి 50,000 యూరోల దాకా జరిమానా పడవచ్చు, తప్పుడు నమోదు చేయించుకున్నవారికీ జరిమానా ఉంది. మీ నివాస అనుమతి విషయంలోనూ అది ఇబ్బంది తెచ్చిపెట్టవచ్చు.

గదిలో చేరిన రోజే చేయవలసిన చిన్న పని ఒకటి ఉంది. కింద గుమ్మం దగ్గర ఉండే పోస్టుపెట్టె మీద, కాలింగ్ బెల్ మీద మీ ఇంటిపేరు అంటించండి. జర్మనీలో మామూలుగా చిరునామాలో ఫ్లాట్ నంబరు ఉండదు. వీధి, ఇంటి నంబరు రాస్తారు, పోస్టుమాన్ పెట్టె మీద పేరు చూసి ఉత్తరం వేస్తాడు. పేరు లేకపోతే ఉత్తరం తిరిగి వెళ్ళిపోతుంది. ఒక అమ్మాయికి బీమా కార్డు, బ్యాంకు రహస్య సంఖ్య, నివాస అనుమతి అపాయింట్‌మెంట్ ఉత్తరం, మూడూ అలాగే వెనక్కి వెళ్ళాయి. ఆమె మాత్రం రోజూ ఈమెయిల్ చూసుకుంటూ కూర్చుంది. ఇక్కడ ముఖ్యమైన సంగతులన్నీ నేటికీ కాగితం మీదే వస్తాయి. పెట్టె మీద రాసే పేరు పాస్‌పోర్టులో ఇంటిపేరు గడిలో ఉన్నదే కావాలి, అక్షరం తేడా ఉండకూడదు. మన పేర్లలో ఇంటిపేరు ముందు రావడం, పొడి అక్షరాలుగా మారడం, అసలు ఆ గడి ఖాళీగా ఉండడం మామూలే. ఇక్కడి కార్యాలయాలకు అది అర్థం కాదు. మీ పాస్‌పోర్టు, ప్రవేశపత్రం, బీమా, బ్లాక్డ్ అకౌంట్ అన్నిట్లో పేరు ఒకేలా ఉందో లేదో ఈ రోజే చూసుకోండి.

పసుపుపచ్చ కవరులో కార్యాలయాల అధికారిక ఉత్తరం వస్తే ఆ రోజే తెరవండి. అందిన తేదీని పోస్టుమాన్ కవరు మీదే రాస్తాడు, గడువు ఆ తేదీ నుంచే మొదలవుతుంది. కవరునూ దాచండి.

ఇక ప్రయాణం. వీసా మీద రాసిన మొదటి తేదీకి ముందు దేశంలో అడుగుపెట్టనివ్వరు, అది చూసుకుని టికెట్ కొనండి. తరగతులు సాధారణంగా అక్టోబరు రెండో వారంలో మొదలవుతాయి. వాటికి రెండు మూడు వారాల ముందు, సోమవారం నుంచి గురువారం మధ్య, పగటిపూట ఊరు చేరేలా రావడం మంచిది. ఆదివారం ఇక్కడ దుకాణాలు మూసేస్తారు, చట్టమే అలా ఉంది. పెద్ద స్టేషన్లలో, పెట్రోలు బంకుల్లో మాత్రమే ఏమైనా దొరుకుతుంది. హాస్టల్ తాళాలు ఇచ్చే కార్యాలయం శని, ఆదివారాల్లో ఉండదు, శుక్రవారం మధ్యాహ్నానికే మూసే చోట్లూ ఉన్నాయి. అక్టోబరు 3 దేశమంతటా సెలవు. శనివారం రాత్రి దిగిన ఒక కుర్రాడు సోమవారం ఉదయం దాకా తాళం లేక, తినడానికి సరిగా ఏమీ దొరక్క స్టేషన్ పక్క లాడ్జిలో గడిపాడు. టికెట్ మీద మిగిల్చిన డబ్బు కంటే లాడ్జికి ఎక్కువ కట్టాడు.

హైదరాబాద్ నుంచి జర్మనీ అనగానే అందరూ ఫ్రాంక్‌ఫర్ట్ అంటారు. మాగ్డెబుర్గ్‌కు అది దూరం, మధ్యలో రైలు మారాలి. మీకు బెర్లిన్ విమానాశ్రయం చాలా నయం. అక్కడి నుంచి బెర్లిన్ ప్రధాన స్టేషన్‌కు రైలు ఉంది, ఆ స్టేషన్ నుంచి మాగ్డెబుర్గ్‌కు ఆర్ఈ1 అనే ప్రాంతీయ రైలు నేరుగా వెళ్తుంది, రెండు గంటల లోపే. గల్ఫ్ మీదుగా బెర్లిన్‌కు ఒక్క మార్పుతో విమానాలు దొరుకుతాయి. ఫ్రాంక్‌ఫర్టే తప్పనిసరి అయితే రెండు విషయాలు గుర్తుంచుకోండి. ఆ విమానాశ్రయంలో రెండు రైల్వే స్టేషన్లు ఉన్నాయి, ఒకటి దగ్గరి ఊళ్ళకు, ఇంకొకటి దూరపు రైళ్ళకు. రెండోది, చౌక రైలు టికెట్ ఒకే రైలుకు పనికొస్తుంది. విమానం ఆలస్యమై ఆ రైలు తప్పితే టికెట్ వృథా. కాస్త ఎక్కువ పెట్టి, ఆ రోజు ఏ రైలైనా ఎక్కనిచ్చే టికెట్ కొనండి. టికెట్ లేకుండా స్థానిక రైలు, ట్రామ్ ఎక్కి పట్టుబడితే 60 యూరోలు కట్టాలి. కొత్తగా వచ్చానంటే వదలరు.

ఇమ్మిగ్రేషన్ అధికారి అడిగేవి రెండు మూడు ప్రశ్నలే. ఏం చదవడానికి, ఎక్కడ ఉంటారు, ఖర్చులకు డబ్బు ఉందా. ప్రవేశపత్రం, బ్లాక్డ్ అకౌంట్ పత్రం, బీమా పత్రం, గది ఒప్పందం ఒక ఫైల్లో పెట్టి చేతిసంచిలోనే ఉంచండి. అసలు సర్టిఫికెట్లు చెకిన్ సూట్‌కేసులో ఎప్పుడూ పెట్టవద్దు.

సామాను గురించి మీ అమ్మగారితో కూర్చుని మాట్లాడండి. మీరొక్కరే ఒక అంతస్తు మెట్లు ఎక్కించగలిగినంతే తెచ్చుకోండి. స్టేషన్లో లిఫ్టు పనిచేయకపోతే పెట్టె ఎత్తేవారు ఎవరూ ఉండరు, కూలీలు ఉండరు. 23 కిలోల పెట్టెలు రెండు, వీపున సంచి, చేతిలో కుక్కర్ సంచి పట్టుకుని ప్లాట్‌ఫారం మీద నిలబడిపోయినవారిని చూస్తే కడుపు తరుక్కుపోతుంది. బియ్యం, కందిపప్పు, చింతపండు ఇక్కడి ఆసియా దుకాణాల్లో దొరుకుతాయి. మాగ్డెబుర్గ్‌లో దొరకనివి బెర్లిన్‌లో దొరుకుతాయి. చలికోట్లు హైదరాబాద్‌లో కొనవద్దు. బరువే కానీ ఇక్కడి వానగాలికి ఆగవు, ఇక్కడ వాడినవి చవకగా వస్తాయి.

తినేవాటిలో ఏవి తేవచ్చో చాలామందికి తెలియదు. ఐరోపా సమాఖ్య బయటి నుంచి మాంసం, పాల పదార్థాలు తేవడం నిషేధం. అంటే కోడి పచ్చడి, మటన్ పచ్చడి, నెయ్యి, పాలకోవా కుదరవు. కస్టమ్స్ వారు తీసి పారేస్తారు, దాచినట్టు తేలితే జరిమానా. చేపలు, రొయ్యల పదార్థాలకు ఈ నిషేధం లేదు. ఆవకాయ, గోంగూర, కందిపొడి, కారప్పొడి, ఎండుమిర్చి కారం తెచ్చుకోవచ్చు. పచ్చి కరివేపాకుకు మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి, కాబట్టి దాన్ని పొడి చేయించుకోండి. పచ్చళ్ళను సీలు వేయించి, రెండు పొరల కవర్లలో, బట్టల మధ్య కాకుండా విడిగా పెట్టండి. కుక్కర్ తెస్తే అడుగు స్టీలుది తీసుకోండి, ఇండక్షన్ పొయ్యి మీద అల్యూమినియం వేడెక్కదు. హాస్టల్ వంటగదిలో పొగ పసిగట్టే యంత్రం ఉంటుంది. తాళింపు పెట్టేటప్పుడు కిటికీ తెరిచి, నడవ వైపు తలుపు మూసి పెట్టండి. లేకపోతే అర్ధరాత్రి హాస్టల్ అంతా కిందికి దిగాలి, అగ్నిమాపక వాహనం ఖర్చు మీ మీద పడవచ్చు.

వీటికంటే ముఖ్యమైనవి వేరే ఉన్నాయి. పంటి వైద్యం, కళ్ళ పరీక్ష ఇండియాలోనే చేయించుకుని అదనంగా ఒక కళ్ళజోడు తెచ్చుకోండి. రోజూ వేసుకునే మందులు ఉంటే డాక్టరు చీటీతో, మూడు నెలలకు మించకుండా. మీ భారత సిమ్‌ను వదులుకోవద్దు, రోమింగ్ వేయించండి. విద్యారుణం బ్యాంకు ఓటీపీలన్నీ దానికే వస్తాయి, ఇక్కడ కూర్చుని ఆ నంబరు మార్చాలంటే మీ నాన్నగారు బ్యాంకు చుట్టూ తిరగాలి.

వచ్చాక మొదటి వారం వరుస ఇలా ఉంటే బాగుంటుంది. మొదటి రోజు తాళం, పోస్టుపెట్టె, ఇంటికి ఫోను, నిద్ర. అంతే. మర్నాడు నగర నమోదు. దీని అపాయింట్‌మెంట్ ఇండియా నుంచే ఆన్‌లైన్లో తీసుకోవచ్చు, గది ఖాయం కాగానే తీసుకోండి. పెద్ద నగరాల్లో చాలాసార్లు రెండు వారాల్లోపు తేదీ దొరకదు. అలాంటప్పుడు దొరికిన తేదీకి వెళ్ళి, ముందుగానే ప్రయత్నించినట్టు చూపే కాగితం దగ్గర ఉంచుకుంటే సాధారణంగా ఇబ్బంది ఉండదు. ఆ తర్వాత బ్యాంకు, విశ్వవిద్యాలయ నమోదు, బీమా.

బీమాలో ఒక సందు ఉంది, చాలామంది అందులో పడతారు. 30 ఏళ్ళలోపు విద్యార్థులకు ప్రభుత్వ ఆరోగ్య బీమా తక్కువ చందాకు వస్తుంది. కానీ అది సాధారణంగా సెమిస్టర్ మొదలయ్యే అక్టోబరు 1 నుంచే లెక్క. మీరు సెప్టెంబరులో వస్తే ఆ మధ్య రోజులకు ప్రయాణ బీమా ఉండాలి. నాలుగు రోజులు మిగుల్చుకుందామని చూడకండి, ఇక్కడ ఆసుపత్రిలో ఒక్క రాత్రి ఖర్చు మీ నెల డబ్బును మింగేస్తుంది. చందా తక్కువని ప్రైవేటు బీమాలోకి వెళ్ళిపోతే, చదువు పూర్తయ్యేదాకా ప్రభుత్వ బీమాలోకి తిరిగి రావడం దాదాపు అసాధ్యం. ప్రభుత్వ బీమానే తీసుకోమని గట్టిగా చెబుతాను. అత్యవసరానికి 112, పోలీసులకు 110, రాత్రివేళ జ్వరంలాంటివాటికి డాక్టరు కోసం 116117. మూడూ ఫోనులో వేసుకోండి.

వీసా గడువు చాలావరకు కొన్ని నెలలే ఉంటుంది. అది తీరకముందే విదేశీయుల కార్యాలయంలో నివాస అనుమతికి దరఖాస్తు చేయాలి. ముందే చేస్తే కార్డు రావడం ఆలస్యమైనా మీరు చట్టబద్ధంగానే ఉన్నట్టు. ఆ మేరకు కాగితం అడిగి తీసుకోండి. కార్డు చేతికి రాకుండా సంక్రాంతికి ఇంటికి టికెట్ కొనకండి. డిసెంబరులో ఆ టికెట్లు రద్దు చేసుకుని ఏడ్చినవారు ప్రతి ఏటా ఉంటారు.

పని గురించి మీరు అడగలేదు కానీ అడుగుతారు. 2024 మార్చి నుంచి విదేశీ విద్యార్థులు ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులు పనిచేయవచ్చు. మొదటి సెమిస్టర్‌లో వద్దు అని నా సలహా. ఇంట్లో అప్పు ఉందని తెలుసు, అయినా వద్దు. ఒప్పందం లేకుండా చేతికి డబ్బిచ్చే పని అసలే వద్దు, దెబ్బ తగిలినా దిక్కుండదు, పట్టుబడితే వీసాకే ముప్పు. మాగ్డెబుర్గ్ ఉన్న జాక్సెన్-అన్‌హాల్ట్ రాష్ట్రంలో ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకు మామూలుగా బోధన రుసుము లేదు, సెమిస్టర్ చందా కడితే చాలు. బాడెన్-వ్యుర్టెంబెర్గ్ రాష్ట్రంలో మాత్రం ఐరోపా బయటివారికి 2017 నుంచి సెమిస్టర్‌కు 1,500 యూరోలు ఉంది. కాబట్టి మీ ఖర్చు ప్రధానంగా అద్దె, తిండి, బీమా. 992లో పొదుపుగా సరిపోతుంది. రేడియో, టీవీ చందా నెలకు 18.36 యూరోలు, టీవీ లేకపోయినా కట్టాలి. అయితే అది ఇంటికి ఒకటే, కలిసి ఉండేవారు పంచుకోవచ్చు.

మొదటి సెమిస్టర్‌లో పని వద్దనడానికి కారణం చదువు తీరే. చాలా కోర్సుల్లో హాజరు తీసుకోరు, మధ్యలో పరీక్షలు ఉండవు, వెంటపడేవారు లేరు. నాలుగు నెలలు హాయిగా గడిచినట్టే ఉంటుంది. ఫిబ్రవరిలో ఒకే పరీక్ష, మొత్తం మార్కులు దానికే. ఆ పరీక్షకు కూడా మీరే విడిగా పేరు నమోదు చేసుకోవాలి, గడువు దాటితే రాయనివ్వరు. ఒక సబ్జెక్టుకు సాధారణంగా మూడు అవకాశాలు, మూడోసారి కూడా తప్పితే ఆ కోర్సు నుంచే పంపించేస్తారు. మన దగ్గర సప్లిమెంటరీ రాసుకుంటూ పోయినట్టు ఇక్కడ కుదరదు. చురుకైన విద్యార్థులు, రాత్రి గోదాముల్లో పనిచేసి పొద్దున నిద్రపోయి, ఇలా సీటు పోగొట్టుకోవడం నేను కళ్ళారా చూశాను. నాకు ఇప్పటికీ బాధ కలిగించేది అదే.

ఇప్పుడు ఒంటరితనం. మీరు మొదటి వారం గురించి భయపడుతున్నారు. మొదటి వారం పనుల హడావిడిలో తెలియకుండా గడిచిపోతుంది. కష్టకాలం నవంబరులో మొదలవుతుంది. అక్టోబరు చివరి ఆదివారం గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పుతారు, ఇండియాతో తేడా మూడున్నర గంటల నుంచి నాలుగున్నర అవుతుంది. డిసెంబరు నాటికి పొద్దున ఎనిమిదింటికి కూడా వెలుగు సరిగా రాదు, సాయంత్రం నాలుగింటికే చీకటి. వారాల తరబడి ఎండ కనిపించదు. మీరు తరగతి నుంచి వచ్చేసరికి ఇండియాలో అమ్మానాన్నలు పడుకుంటారు. అప్పుడే మన పిల్లలు గదిలోకి ముడుచుకుపోతారు. వీడియో కాల్ మానేసి "నెట్ బాగాలేదు" అని ఆడియో మాట్లాడడం మొదలుపెడతారు. అలా మొదలైతే నేను వెళ్ళి తలుపు తడతాను.

దీనికి నాకు తెలిసిన మందు వారానికి మూడుసార్లు మనుషుల మధ్య ఉండేలా ముందే కట్టుబడిపోవడం. మనసు బాగున్న అక్టోబరులోనే విశ్వవిద్యాలయ క్రీడల్లో ఏదో ఒకదానికి పేరు ఇవ్వండి, చాలా చవక. విద్యార్థి భోజనశాలలో మధ్యాహ్నం ఒక్కరే తినకండి. జర్మన్ భాషా తరగతి తప్పకుండా తీసుకోండి. మీ కోర్సు ఇంగ్లిష్‌లోనే ఉన్నా నగర కార్యాలయంలో, దుకాణంలో, పక్కింట్లో జర్మనే. నాలుగు వాక్యాలు వారి భాషలో మాట్లాడితే ఎదుటివారి ముఖమే మారిపోతుంది. మనసు మరీ బరువైతే ష్టుడెంటెన్‌వెర్క్ మానసిక సలహా కేంద్రం ఉంది, విద్యార్థులకు ఉచితం, మీ శాఖకు గానీ ఇంటికి గానీ తెలియదు. అక్కడికి వెళ్ళడం మార్కుల మీద, వీసా మీద ఎలాంటి ప్రభావం చూపదు.

తెలుగువారితో ఉండాలా, దూరంగా ఉండాలా అని కూడా రాశారు. పండుగకు, జ్వరానికి, పప్పుచారుకు మనవాళ్ళు కావాలి. కానీ గది మాత్రం వేరే దేశాలవారు ఉన్న చోట తీసుకోండి. నలుగురు తెలుగువారు ఒకే ఇంట్లో ఉంటే రెండేళ్ళు తిరిగినా ఊరు తెలియదు, భాష రాదు, ఉద్యోగం వెతికేటప్పుడు ఆ లోటు బయటపడుతుంది.

అమ్మాయిగా భద్రత సంగతి దాచకుండా చెబుతాను. రాత్రి పదింటికి ట్రామ్‌లో ఒక్కతే రావడం ఇక్కడ మామూలు విషయం, రోజూ వేలమంది వస్తారు. అయినా మాగ్డెబుర్గ్‌లో 2024 డిసెంబరు 20న క్రిస్మస్ సంతలోకి కారు దూసుకెళ్ళి ప్రాణాలు పోయిన ఘటన తర్వాత, విదేశీయులను దూషించడం, దాడులు పెరిగాయని బాధితులకు సాయపడే సంస్థలు చెప్పాయి. ఊరంతా అలా ఉందని కాదు. ఎవరైనా దురుసుగా మాట్లాడితే జవాబివ్వకుండా ట్రామ్‌లో డ్రైవరు దగ్గరికి జరగండి, దిగిపోయి మనుషులున్న చోటికి వెళ్ళండి, 110కి ఫోను చేయండి. తర్వాత విశ్వవిద్యాలయ అంతర్జాతీయ విభాగానికి తప్పక చెప్పండి. అర్ధరాత్రి స్టేషన్ చుట్టుపక్కల ఒంటరిగా ఎదురుచూడవద్దు. పోలీసునని, వీసా అధికారినని ఫోను చేసి డబ్బు అడిగితే అది మోసమే. ఇక్కడ ఏ కార్యాలయమూ ఫోనులో డబ్బు వసూలు చేయదు.

ఇంట్లోవారితో ఒక మాట ముందే అనుకోండి. బెర్లిన్‌లో దిగగానే ఒక సందేశం, రైలు ఎక్కాక ఒకటి, గది తాళం తీశాక ఫోను. మధ్యలో ఫోను కలవకపోతే కంగారు పడవద్దని చెప్పండి. విమానాశ్రయంలో ఉచిత వైఫై ఉంటుంది కానీ, ఇక్కడి సిమ్ పనిచేయాలంటే గుర్తింపు సరిచూపు పూర్తి కావాలి, దానికి ఒకటి రెండు రోజులు పట్టవచ్చు.

హాస్టల్ నుంచి జవాబు వచ్చాక ఏ వీధిలో ఇచ్చారో ఇక్కడే కింద రాయండి, ఇంటి నంబరు, మీ పేరు మాత్రం రాయవద్దు. ప్రధాన స్టేషన్ నుంచి అక్కడికి ఏ ట్రామ్ ఎక్కాలో చెబుతాను. ఆ ఊళ్ళో చదువుతున్న మన అమ్మాయిలు ఇద్దరు ముగ్గురు నాకు తెలుసు, మీకు సమ్మతమైతే వారిలో ఒకరిని స్టేషన్‌కు రమ్మంటాను.